బోర్డో రెడ్ వైన్ తక్కువ ధరలో మంచిది కొనడం ఎలా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఫ్రాన్స్ నైరుతి మూలన, అట్లాంటిక్ సముద్రానికి దగ్గరగా ఉన్న బోర్డో రెడ్ వైన్ గురించి కొత్తగా కొనేవాళ్లు అడిగే ప్రశ్నలివి. సీసాకి వందల యూరోలు పెట్టగలిగినవాళ్లకి ఈ పేజీతో పెద్దగా పని లేదు. పది నుంచి పాతిక యూరోల మధ్య తడుముకునేవాళ్ల కోసం రాసింది ఇది.

బోర్డో అంటేనే ఖరీదు కదా, అక్కడ చవకలో మంచి వైన్ నిజంగా ఉందా?

ఉంది, బోలెడంత ఉంది. వార్తల్లోకెక్కేది లాఫీత్, లాతూర్, పెత్రూస్ లాంటి గుప్పెడు పేర్లే. మొన్నమొన్నటి దాకా బోర్డోలో ద్రాక్షతోటలు లక్ష హెక్టార్ల పైమాటే. వాటిలో ఎక్కువ భాగం మామూలు రైతులవి, పేరు లేనివి. ఫ్రెంచివాళ్లే రెడ్ వైన్ తాగడం తగ్గించారు, చైనా కొనుగోళ్లూ పడిపోయాయి, సరుకు మిగిలిపోయింది. అక్కడ టోకు బేరం 'టోనో' లెక్కన జరుగుతుంది. ఒక టోనో 900 లీటర్లు, అంటే 1200 సీసాలు. మామూలు బోర్డో రెడ్ టోనో ధర ఈ మధ్య వెయ్యి యూరోల లోపుకి జారిపోయింది. సీసాడు వైన్‌కి రైతు చేతికొచ్చేది ఒక యూరో కూడా కాదన్నమాట. 2023లో ఫ్రాన్స్ ప్రభుత్వం హెక్టారుకి 6000 యూరోలు ఇచ్చి మరీ తోటలు పీకించే పథకం తెచ్చింది.

రైతుకి ఇది కష్టకాలం. కొనేవాడికి మాత్రం, పట్టుదలగా మంచి వైన్ చేస్తున్నవాళ్ల సరుకు న్యాయమైన ధరకి దొరికే కాలం.

అయితే అన్నిటికంటే చవకైనది కొంటే సరిపోతుందా?

సరిపోదు. సూపర్ మార్కెట్ కింది అరలో మూడు నాలుగు యూరోలకి దొరికే బోర్డో చాలావరకు నీళ్లగా, పచ్చి వాసనతో ఉంటుంది. ఆ ధరలో అయితే స్పెయిన్ వైనో, దక్షిణ ఫ్రాన్స్‌లోని లాంగ్‌డాక్ వైనో కొనుక్కోవడం మేలు.

కారణం లెక్కలోనే ఉంది. బోర్డోలో వాడే ఓక్ పీపా 225 లీటర్లది, దాన్నుంచి 300 సీసాలు వస్తాయి. కొత్త ఫ్రెంచి ఓక్ పీపా ఖరీదు సుమారు 800 నుంచి 1000 యూరోలు. సీసాకి మూడు యూరోలు పీపాకే పోతే గాజు, బిరడా, లేబుల్, రవాణా, దుకాణం లాభం, పన్ను అన్నీ దాని మీద పడాలి. అయిదు యూరోల సీసా మీద ఓక్ గురించి గొప్పలు కనిపిస్తే కొత్త పీపా ఖర్చు ఆ ధరలో ఇమడదని గుర్తు పెట్టుకోండి. ఆ ధరలో పీపా జోలికి పోకుండా, స్టీలు లేదా సిమెంటు తొట్టిలోనే ఉంచి తాజాగా సీసాకెత్తిన వైనే నయం.

నా అంచనాలో పెట్టిన ప్రతి యూరోకి ఎక్కువ రుచి దక్కేది ఫ్రాన్స్ ధరల్లో 10 నుంచి 20 యూరోల మధ్య. ముప్పై దాటాక ఊరి పేరుకి కట్టే వాటా పెరుగుతూ పోతుంది.

ఎడమ ఒడ్డు, కుడి ఒడ్డు అంటారు. కొనేవాడికి ఆ తేడా ఎందుకు?

గరోన్, దోర్దోన్య్ అనే రెండు నదులు కలిసి జిరోండ్ అవుతాయి. సముద్రం వైపు తిరిగి నిలబడితే ఎడమ చేతి వైపు మెడాక్, గ్రావ్. అక్కడ గులకరాళ్ల నేల, నీరు నిలవదు, ఎండకి రాళ్లు వేడెక్కుతాయి. ఆలస్యంగా పండే కాబెర్నె సోవిన్యోన్ అనే ద్రాక్ష రకానికి అది అనువు. కుడి చేతి వైపు సెంట్ ఎమిలియోన్, పోమెరోల్. అక్కడ బంకమట్టి, సున్నపురాయి. త్వరగా పండే మెర్లో రకం అక్కడ రాణిస్తుంది. అయితే రెండు వైపులా వైన్ సాధారణంగా ఒకే రకం ద్రాక్షతో చేయరు. కాబెర్నె ఫ్రాంక్, పెటి వెర్దో లాంటివి కూడా పాళ్లలో కలుపుతారు.

తక్కువ బడ్జెట్‌లో ఈ తేడా బాగా పనికొస్తుంది. కాబెర్నె ఎక్కువున్న చవక వైన్ సరిగా పండని ఏడాదిలో నాలుక మీద వగరుగా ఉండిపోతుంది. మెర్లో ఎక్కువున్నది మెత్తగా ఉంటుంది, కొన్న వారంలోనే తాగొచ్చు. మొదటిసారి కొనేవాళ్లకి కుడి ఒడ్డే చెబుతాను.

మరి ఏ ఊళ్ల పేర్లు వెతకాలి?

అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. బోర్డోలో ధర నిర్ణయించేది చాలావరకు అడ్రసు. రోడ్డుకి ఇటువైపు జూబ్లీహిల్స్ అయితే గజం ఒక ధర, అటువైపు యూసుఫ్‌గూడ అయితే ఇంకో ధర అయినట్టే, నేల గుణం గీత దగ్గర ఆగిపోకపోయినా ధర ఆగిపోతుంది. కాబట్టి పెద్ద పేరు పక్కనున్న చిన్న పేరు వెతకండి.

నా జాబితాలో మొదటిది కాస్తియోన్. లేబుల్ మీద 'కాస్తియోన్ కోత్ ద బోర్డో' అని ఉంటుంది. సెంట్ ఎమిలియోన్ సున్నపురాయి పీఠభూమి తూర్పుకి సాగి కాస్తియోన్‌లోకి వస్తుంది. ఇంగ్లండ్, ఫ్రాన్స్‌ల మధ్య జరిగిన నూరేళ్ల యుద్ధం 1453లో ముగిసింది ఈ ఊరి దగ్గరే. సెంట్ ఎమిలియోన్‌లో పేరున్న కుటుంబాలు ఇక్కడ భూములు కొన్నాయి: కానోన్ లా గాఫెలియేర్ యజమాని స్టెఫాన్ ఫోన్ నైపెర్గ్‌ది షాతో (అంటే సొంత తోటతో వైన్ చేసే ఎస్టేటు) దేగీయ్, బెకో కుటుంబానిది జొవానెన్ బెకో. చేయి తిరిగినవాళ్ల పనితనం పక్కూరి ధరకి దొరుకుతుంది. కాస్తియోన్‌ని ఆనుకున్న ఫ్రాంక్ ఇంకా చిన్న ప్రాంతం. అక్కడ తియెన్‌పోన్ కుటుంబం వారి షాతో పుయిగెరో ఏటా నిలకడగా ఉంటుంది.

రెండోది ఫ్రోన్సాక్, దాని లోపలి కొండ ప్రాంతం కానోన్ ఫ్రోన్సాక్. 18వ శతాబ్దంలో ఈ వైన్‌కి సెంట్ ఎమిలియోన్ కంటే ఎక్కువ గౌరవం ఉండేది. తర్వాత ఫ్యాషన్ మారింది, నేల మారలేదు. ఒకప్పుడు ఇక్కడి వైన్‌లో మోటుతనం ఉండేది, ఇప్పుడు బాగా తగ్గింది. ప్రపంచమంతా తిరిగి సలహాలిచ్చిన వైన్ నిపుణుడు మిషెల్ రోలాన్ తనకంటూ తీసుకున్న తోటల్లో షాతో ఫోంతెనీల్ ఇక్కడిదే. దీనితో పాటు దాలెమ్, ద లా రివియేర్ అన్న పేర్లు గుర్తుంచుకోవచ్చు.

పోమెరోల్ మీద మోజుండి జేబు ఒప్పుకోకపోతే బార్బాన్ అనే వాగు దాటి లాలాండ్ ద పోమెరోల్‌కి రండి. అది కాస్త ఖరీదే, 15 నుంచి 30 యూరోలు. పోమెరోల్‌లోని లెగ్లీజ్ క్లినే షాతో యజమానిగా ఉండి 2020లో కన్నుమూసిన దెని దురాంతూ చేసిన లే క్రూజెల్ ఇక్కడిది. సెంట్ ఎమిలియోన్ చుట్టూ ఉన్న మోంతాన్య్, లూసాక్, పుయిస్గెన్, సెన్ జోర్జ్ అన్న నాలుగూ తమ పేరుకి వెనుక 'సెంట్ ఎమిలియోన్' తగిలించుకుంటాయి. వీటిలో మోంతాన్య్ మీద నాకు నమ్మకం ఎక్కువ. మిగిలినవి రైతుని బట్టి.

జిరోండ్ కుడి గట్టున బ్లాయ్, బూర్గ్ ఉన్నాయి. అక్కడ పది యూరోలకి ఘనంగా వైన్ దొరుకుతుంది. బూర్గ్‌లో మాల్బెక్ రకం కూడా కాస్త ఎక్కువ వాడతారు, ఘాటు ఇష్టపడేవాళ్లకి నచ్చుతుంది. ఎడమ ఒడ్డున మార్గో, పోయాక్ జోలికి పోకుండా మూలిస్, లిస్ట్రాక్, ఓ మెడాక్, దక్షిణాన గ్రావ్ చూడండి. మూలిస్‌లో పుజో, షాస్ స్ప్లీన్ అనే రెండు షాతోలు దశాబ్దాలుగా పెద్దవాళ్ల పక్కన తలెత్తుకుని నిలబడ్డాయి. ఓ మెడాక్‌లో సోసియాందో మాలే ఏ వర్గీకరణలోనూ (షాతోలకి అంతస్తులిచ్చే జాబితాల్లో) లేదు, కానీ దాచుకుని తాగేవాళ్లు వెతికి మరీ కొంటారు.

లేబుల్ మీద 'గ్రాన్ వాన్ ద బోర్డో' అని ఉంటే గొప్పదేనా?

కాదు. ఆ మాటకి చట్టంలో గట్టి నిర్వచనం లేదు. ఒక షాతో తన మొదటి వైన్‌ని రెండోదాన్నుంచి వేరు చేయడానికి వాడుతుంది, పది యూరోల సీసా మీద అలంకారంగానూ వాడతారు. 'వియెయ్ వీన్య్', అంటే ముసలి తీగలు, అన్నదీ అంతే. ఎన్నేళ్లకి తీగ ముసలిదవుతుందో నిబంధన లేదు. బరువైన సీసా, బంగారు అంచు, కోట బొమ్మ ముద్రణాలయం పనితనమే.

ఇంకో పెద్ద తికమక 'సెంట్ ఎమిలియోన్ గ్రాన్ క్రూ'. ఇది ర్యాంకు కాదు, ఒక అపెలేషన్, అంటే నియమాలతో కూడిన ప్రాంతపు ముద్ర మాత్రమే. వందల షాతోలకి ఉంది. చివర 'క్లాసే' అన్న మాట చేరితేనే అది వర్గీకరణ. ఆ జాబితాని సుమారు పదేళ్లకోసారి సవరిస్తారు. 2022 జాబితాలో 85 షాతోలున్నాయి. శిఖరాన ఉండే షెవాల్ బ్లాన్, ఓజోన్ ఆ ప్రక్రియలోంచి తమంతట తామే తప్పుకున్నాయి, తర్వాత ఆంజెల్యూస్ కూడా.

నిజంగా పనికొచ్చే మాటలు రెండున్నాయి. 'మీజాన్ బుతేయ్ ఓ షాతో' అంటే ఆ షాతోలోనే సీసాకెత్తారని. 'బోర్డో సూపెరియర్' అంటే మామూలు బోర్డో కంటే కాస్త కఠినమైన నియమాలు: తోటలో దిగుబడి తక్కువ ఉండాలి, అమ్మే ముందు ఎక్కువ కాలం నిల్వ ఉంచాలి. ఆ ఒక్క మాటతో నాణ్యత హామీ రాదు గానీ, ఒకే రైతు రెండూ చేస్తే సూపెరియర్ తీసుకోండి.

అన్నిటికంటే ఉపయోగపడేది వెనుక లేబుల్. ఏ ద్రాక్ష ఎంత శాతం, ఎక్కడ ఎన్ని నెలలు ఉంచారు అన్న వివరాలు రాసినవాడు దాచుకోవలసింది తక్కువున్నవాడు.

1855 వర్గీకరణ సంగతేమిటి?

ఆ ఏడాది పారిస్ ప్రదర్శన కోసం మూడో నెపోలియన్ హయాంలో బోర్డో వైన్ దళారులు ధరల ఆధారంగా చేసిన జాబితా. రెడ్ వైన్‌లో అయిదు అంతస్తులు, నేడు 61 షాతోలు. ఒక్క ఓ బ్రియోన్ తప్ప అన్నీ మెడాక్‌వే. 1973లో మూతోన్ రోత్‌షిల్డ్‌ని రెండో అంతస్తు నుంచి మొదటికి ఎక్కించడం మినహా పెద్ద మార్పు లేదు. మన బడ్జెట్‌కి ఇందులో అందేవి అయిదో అంతస్తు కాంతెమెర్ల్, నాలుగో అంతస్తు లా తూర్ కార్నె లాంటి కొన్నే, అవీ ముప్పై యూరోల చుట్టుపక్కల. పండక్కి ఒకటి కొనాలనుకుంటే కాంతెమెర్ల్ కొనండి.

క్రూ బూర్జువా ముద్ర నమ్మొచ్చా?

మెడాక్‌లో 1855 జాబితాకి అవతల మిగిలినవాళ్ల కోసం పుట్టిన ముద్ర ఇది. మొదటి జాబితా 1932లో వచ్చింది. 2003లో కొత్త వర్గీకరణ చేస్తే చోటు దక్కనివాళ్లు కోర్టుకెక్కారు, 2007లో అది రద్దయింది. ఆ తర్వాత కొన్నేళ్లు ఏటికేడు రుచి చూసి ముద్ర ఇచ్చారు. 2020 నుంచి మళ్లీ మూడు మెట్లు: క్రూ బూర్జువా, సూపెరియర్, ఎక్సెప్షనెల్. అప్పుడు 249 షాతోలు ఎంపికయ్యాయి. అయిదేళ్లకోసారి మళ్లీ పరీక్ష.

రుచి చూసే బృందానికి సీసా మీద పేరు కనబడదు, అందుకే ఈ ముద్ర మీద నాకు గౌరవం. మధ్య మెట్టు, అంటే 'సూపెరియర్', ధరకి తగ్గ విలువ ఎక్కువగా ఇస్తుంది. ముద్ర లేనంత మాత్రాన తక్కువదనుకోకండి. లెయోవీల్ లా కాజ్ అనే పెద్ద షాతో యజమానులైన దెలోన్ కుటుంబం ఉత్తర మెడాక్‌లో చేసే పోతెన్సాక్ సీసా మీద ఆ ముద్ర కోసం వెతికితే దొరకదు.

పెద్ద షాతోల 'రెండో వైన్' కొంటే లాభమా?

లేత తీగల పండు, మొదటి వైన్‌లోకి ఎంపిక కాని తొట్లు కలిపి చేసేది రెండో వైన్. లాఫీత్ వారి కార్యూయాద్, లాతూర్ వారి లే ఫోర్ ద లాతూర్ పేరుకే రెండోవి, ధర మాత్రం అందనంత. వాటిని మర్చిపోండి. మధ్యస్థాయి షాతోల రెండో వైన్లు 20, 25 యూరోలకి దొరుకుతాయి, మంచి ఏడాదిలో బాగుంటాయి. అదే డబ్బుకి కాస్తియోన్‌లోనో మూలిస్‌లోనో రైతు గర్వంగా చేసిన మొదటి వైన్ వస్తుంటే, నేను అదే తీసుకుంటాను.

మూతోన్ కాదే గురించి కూడా అడుగుతుంటారు. అది మూతోన్ రోత్‌షిల్డ్ రెండో వైన్ కాదు. బారన్ ఫిలిప్ ద రోత్‌షిల్డ్ 1930లో మొదలుపెట్టిన బ్రాండ్, వేర్వేరు తోటల ద్రాక్షతో చేసేది. ఎక్కడైనా దొరుకుతుంది, తాగొచ్చు, అంతకు మించి ఆశించకండి.

ఏ సంవత్సరం పంట కొనాలి?

సముద్రం పక్కన వాతావరణం ఏటా ఒకేలా ఉండదు, అందుకే బోర్డోలో సీసా మీది ఏడాదికి విలువ. 2015, 2016, 2018, 2019, 2020, 2022 మంచి ఏళ్లు. 2013 చలికీ వానకీ పోయింది. 2017లోనూ 2021లోనూ ఏప్రిల్ మంచు చిగుళ్లని కాల్చేసింది. 2021కి దానితోపాటు తెగులు కూడా పట్టింది; ఆ ఏడాది వైన్ పలచన.

నా పద్ధతి ఒకటి చెబుతాను. చిన్న పేరు కొనేటప్పుడు మంచి ఏడాది చూడండి, ఎందుకంటే ఎండ బాగా కాసినప్పుడు మామూలు నేలలోనూ పండు పూర్తిగా మాగుతుంది. పెద్ద పేరు కొనేటప్పుడు చిన్న ఏడాది చూడండి, అప్పుడు ధర దిగుతుంది, షాతోకి మాత్రం పండు ఏరుకుని పారేసే స్థోమత ఉంటుంది. 2022 బాగా వేడి ఏడాది. ఆ పంటలో ఆల్కహాల్ 14.5 శాతం, అంతకు మించీ కనబడుతుంది. తేలిగ్గా ఉండాలనుకునేవాళ్లు 2019 వైపు వెళ్లండి.

పతకాల స్టిక్కర్లు, విమర్శకుల మార్కులు?

ఫ్రాన్స్ నిబంధనల ప్రకారం ఒక పోటీకి వచ్చిన నమూనాల్లో మూడో వంతు దాకా పతకాలు ఇవ్వొచ్చు. అదొక్కటి తెలిస్తే చాలు, కాంస్యం చూసి ఎంత మురవాలో అర్థమవుతుంది. బంగారు పతకమైతే, అదీ సీసా మీదున్న ఏడాదికే వచ్చిందైతే, కాస్త లెక్కలోకి తీసుకోండి. మార్కుల విషయంలో, నూటికి 90 అన్న అంకె కంటే దాని కింద రాసిన నాలుగు ముక్కలు చదవడం మంచిది.

ఆన్ ప్రీమర్‌లో ముందే కొంటే చవకా?

పంట తర్వాతి వసంతంలో, వైన్ ఇంకా పీపాలో ఉండగానే డబ్బు కట్టి, దాదాపు రెండేళ్లకి సీసాలు అందుకునే పద్ధతి అది. ఇరవై యూరోల వైన్‌కి అనవసరం. అలాంటివి తర్వాత అదే ధరకో, తక్కువకో అంగట్లో దొరుకుతాయి.

విదేశాల్లో ఉన్న మనవాళ్లు ఎక్కడ కొనాలి?

ఫ్రాన్స్‌లో చదువుకునే పిల్లలైతే సెప్టెంబరు దాకా ఆగండి. లెక్లెర్, కార్ఫూర్ లాంటి సూపర్ మార్కెట్లన్నీ ఏటా అప్పుడే వైన్ సంతలు పెడతాయి. బోర్డో అందులో ముఖ్యమైన సరుకు. కరపత్రం ముందే వస్తుంది. పేర్లు రాసుకుని మొదటి రోజే వెళ్లాలి, మంచివి రెండో రోజుకి మిగలవు.

బ్రిటన్‌లో బోర్డో రెడ్‌ని క్లారెట్ అంటారు. 12వ శతాబ్దం నుంచి మూడు వందల ఏళ్లు ఆ ప్రాంతం ఇంగ్లండ్ రాజుల చేతిలోనే ఉండేది, అలవాటు అప్పటిది. వైన్ సొసైటీ, బెరీ బ్రదర్స్ లాంటి పాత సంస్థలు సొంత పేరుతో అమ్మే క్లారెట్ రోజువారీకి నమ్మదగినది. అమెరికాలో కాస్ట్‌కో సొంత బ్రాండు కిర్క్‌లాండ్ పేరిట బోర్డో సీసాలు వస్తుంటాయి. నెలవారీ సామాన్లకి వెళ్లినప్పుడు ఒకటి తెచ్చి చూడండి, నచ్చితే అదే ఏడాది పంట ఉండగానే ఇంకొన్ని తెచ్చుకోండి.

హైదరాబాద్, విజయవాడలో కొనడం?

నిజం చెప్పాలంటే ఇక్కడ బోర్డోకి ధరకి తగ్గ విలువ రావడం కష్టం. దిగుమతి వైన్ మీద కస్టమ్స్ సుంకం ఏళ్లుగా 150 శాతం ఉంటూ వచ్చింది, దాని మీద రాష్ట్రాల పన్నులు. పది యూరోల సీసా ఇక్కడికొచ్చేసరికి పెద్దింటి వైన్ ధర పలుకుతుంది. పైగా ఎండాకాలంలో గోదాములో, దుకాణం అద్దాల వెనుక ఎంత వేడికి ఉడికిందో చెప్పలేం. బిరడా మూతి దాటి పైకి ఉబికి ఉన్నా, మెడ దగ్గర వైన్ కారిన మరక ఉన్నా తీసుకోకండి.

విమానంలో వచ్చే పెద్దవాళ్లు సుంకం లేకుండా రెండు లీటర్ల దాకా మద్యం తెచ్చుకోవచ్చు. 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు పడతాయి. పరిమితి లీటర్ల లెక్కన కాబట్టి, తెచ్చే రెండూ ఇరవై పాతిక యూరోలవి తెచ్చుకోవడమే లాభం. తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ 21 ఏళ్లు నిండనివాళ్లకి మద్యం అమ్మకూడదు.

మన వంటలతో పొసుగుతుందా?

కారంతో కష్టమే. వగరు, ఆల్కహాల్ రెండూ మిరప మంటని పెంచుతాయి. గుంటూరు కారం దట్టించిన కోడి వేపుడు పక్కన మెడాక్ పెడితే రెండూ పాడవుతాయి. మెర్లో ఎక్కువగా ఉన్న, ఓక్ తక్కువగా తగిలిన కుడి ఒడ్డు వైన్ అయితే దమ్ బిర్యానీలోని మటన్‌తో సర్దుకుంటుంది, మిర్చీ కా సాలన్ పక్కకి నెడితే. పోయాక్ ప్రాంతం గొర్రెపిల్ల మాంసానికి పేరున్నది, అక్కడివాళ్లు తమ వైన్‌ని దానితోనే తాగుతారు. కాబట్టి మనకి దారి మటన్ వైపే: కారం తగ్గించి మిరియాలతో చేసిన వేపుడు, కబాబులు. గోంగూర పులుపు ముందు మాత్రం బోర్డో చేతులెత్తేస్తుంది.

శాకాహారులు తాగొచ్చా?

అడగాల్సిన ప్రశ్నే. బోర్డోలో పీపాలోని వైన్‌ని తేర్చడానికి, వగరు తగ్గించడానికి కోడిగుడ్డు తెల్లసొన వాడటం పాత పద్ధతి. మిగిలిన పచ్చసొనతోనే ఆ ఊరి కానెలే అనే చిన్న కేకు పుట్టిందని చెప్పుకుంటారు. తెల్లసొన తర్వాత అడుగుకి దిగిపోతుంది, వైన్‌ని తేర్చి తీసేస్తారు. అయినా పట్టింపు ఉంటే సీసా మీద 'వీగన్' ముద్ర చూసుకోండి. ఇప్పుడు చాలామంది బఠాణీ, బంగాళదుంప ప్రోటీన్‌తో ఆ పని చేస్తున్నారు.

ఎంతకాలం దాచాలి, ఎలా తాగాలి?

పది యూరోల బోర్డో దాచడానికి కాదు. పంట ఏడాది నుంచి మూడు నాలుగేళ్లలో తాగేయండి. మంచి క్రూ బూర్జువా, ఫ్రోన్సాక్, కాస్తియోన్ అయితే ఎనిమిది పదేళ్లు హాయిగా ఉంటాయి, చల్లని చోటు ఉంటేనే. మన ఇళ్లలో బీరువా పైన పెట్టిన సీసా ఒక్క వేసవికే చెడిపోతుంది.

రెడ్ వైన్ గది వేడిలో తాగాలన్న మాట యూరప్ గదుల గురించి. కావాల్సింది 16 నుంచి 18 డిగ్రీలు. మే నెలలో అయితే ఫ్రిజ్‌లో ముప్పావుగంట పెట్టి తీయండి. లేత వయసు వైన్ వగరుగా అనిపిస్తే వెడల్పాటి గాజు జగ్గులోకి వంచి గంటసేపు వదిలేయండి. మిగిలింది బిరడా పెట్టి ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు రోజులు బాగుంటుంది. ఆ తర్వాత మటన్ కూరలో ఒక గరిటె పోయండి.